సుడులావిడ ఎదురుతోపు

ఆ పరిశోధనాలయంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు జీతాల విభాగంలో తప్ప ఇంకెక్కడా లేరు. మిగతా అందరికీ ఆమె సుడులావిడ. గొట్టాల్లో నీళ్లు పోయేటప్పుడు లోపల లేచే సుడులను కంప్యూటర్లో పుట్టించడం, పుట్టించినవాటిని మళ్లీ అణచడం ఆమె ఉద్యోగం. "పుట్టించడమెందుకు, అణచడమెందుకు, ఊరుకుంటే పోలా?" అని పెళ్లయిన కొత్తలోనే అత్తగారు అడిగింది. దానికి కోడలి దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. కాకపోతే మాట మార్చడంలో ఆమెను మించినవాళ్లు లేరు కాబట్టి రోజులు గడిచిపోతున్నాయి.

చిన్నప్పటి నుంచీ ఆమెది ఇదే వరస. పొయ్యి మీద పాలు చూస్తూ ఉండమని వాళ్లమ్మ కూర్చోబెడితే, గరిటె తిప్పి దాని వెనక లేచే సుడులు చూస్తూ కూర్చునేది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేది. తిడితే, "చూస్తూ ఉండమన్నావు, చూస్తూనే ఉన్నానుగా" అనేది. బళ్లో చేతులు కడుక్కునే తొట్టిలో సిరాబుడ్డి ఒంపేసి, నీలిరంగు ఎటు పోతుందో చూడమని తరగతినంతా పోగేసింది. పెద్ద టీచరమ్మ గోడ కుర్చీ వేయించింది. గోడ కుర్చీలో ఉండి కూడా తొట్టి వైపే చూసింది. ఇలాంటి పిల్ల పెద్దయ్యాక ఏమవుతుంది? అదే అయింది, పైగా దానికి నెలనెలా జీతం ఇస్తున్నారు.

ఆమె పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. గొట్టంలో నీళ్లు బుద్ధిగా వరసలో పోవు. వేగం కాస్త పెరిగితే చాలు, గోడను రాసుకుంటూ నెమ్మదిగా పోయే నీళ్లు పైకి లేస్తాయి, నడుమ దూసుకుపోయే నీళ్లు గోడ మీదికి వచ్చి పడతాయి. ఆ తోపులాటలో సుడులు పుడతాయి, సుడులు మళ్లీ పిల్లల్ని పెడతాయి. తోపులాట ఎంత ఎక్కువైతే పంపు మీద అంత భారం. నిజం గొట్టంలోకి తొంగి చూడలేం కనుక ఆమె కంప్యూటర్లో ఒక గొట్టం ముక్క కట్టి, దాన్ని లెక్కలేనన్ని గళ్లుగా కోసి, ఏ గడిలో నీళ్లు ఎటు పోతున్నాయో లెక్క కట్టిస్తుంది. ఆ ముక్కకు ఒక చిత్రమైన ఏర్పాటు ఉంది. కుడి కొస నుంచి బయటికి పోయిన నీళ్లు ఎడమ కొస నుంచి మళ్లీ లోపలికి వస్తాయి. ఊరి పొడుగునా గొట్టం కట్టే ఓపిక ఏ కంప్యూటరుకూ లేదు కాబట్టి, ఆ రంగంలో అందరూ ఇలాగే సర్దుకుంటారు.

సుడులను అణచడానికి ఆమె పట్టుకున్న పద్ధతి ఎదురుతోపు. గోడకు సన్నటి రంధ్రాలు పెట్టి, గోడకు కాస్తంత పైన నీళ్ల కదలిక వింటూ ఉండాలి. అక్కడ నీళ్లు పైకి లేవబోతే రంధ్రాలు అంతే బలంగా కిందికి పీల్చాలి, కిందికి పడబోతే అంతే బలంగా పైకి ఊదాలి. పెద్ద బలమేమీ అక్కర్లేదు, సమయానికి చిన్న తోపు చాలు. గోడకు మరీ దూరంగా చెవి పెట్టి వింటే మాత్రం అణచబోయి రెచ్చగొట్టినట్టవుతుంది.

ఈ పద్ధతి ఇంట్లో పరీక్షించాకే కంప్యూటర్లోకి ఎక్కించానని ఆమె అందరికీ చెప్పుకునేది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆమె, భర్త, అత్తగారు. భర్త బళ్లో డ్రాయింగు మాస్టారు. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది, ఇప్పటికీ గొంతు వీధి చివరిదాకా పోతుంది. కోడలు సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే లోపల తల్లీకొడుకుల వాదన వినిపించేది. కిటికీ తెరవాలని ఆవిడ, మూయాలని ఈయన. ఫ్యాను పెంచమని ఆవిడ, తగ్గించమని ఈయన. కోడలు చేతిసంచీ కింద పెట్టకుండానే రంగంలోకి దిగేది. అత్తగారి గొంతు లేవబోతే, "అత్తయ్యా, ఈ ఇంట్లో గాలి విలువ తెలిసింది మీకొక్కరికే" అని అంతమేర కిందికి లాగేది. మొగుడు మొహం ముడుచుకుని కిందికి పడబోతే, "ఏమండీ, మీ గొంతు నొప్పి సంగతి మర్చిపోయాం చూశారా" అని అంతమేర పైకి ఊదేది. మొగుడు మధ్యలోనే గోడ వైపు తిరిగిపోయేవాడు, పాపం కోపంతో భుజాలు అదిరిపోయేవి. కాసేపటికి ఇల్లు సద్దుమణిగేది. కోడలు కాఫీ పెట్టుకుని, రాజ్యం గెలిచినంత తృప్తిగా తాగేది.

"నేను గనక ఒక్క వారం ఊరెళ్లానంటే ఆ ఇల్లు ఇల్లులా ఉండదు" అని ఆఫీసులో అంటూ ఉండేది. నిజానికి ఎప్పుడూ వెళ్లలేదు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

ఆఫీసులో ఆమెకు సరిజోడు మంటలాయన. కొలిమి లోపల మంట ఎలా నిలబడుతుందో ఆయన కంప్యూటర్లో లెక్క కట్టిస్తాడు. మంటకు ముందు గాలిని తిప్పే రెక్కలు పెట్టాననీ, ఆ రెక్కల వల్లే మంట రెపరెపలాడకుండా నిలుస్తుందనీ ఆయన వాదన. ఇద్దరూ ఒకే పెద్ద కంప్యూటరు మీద ఆధారపడ్డవాళ్లు. ఇద్దరి పనీ కలిసి దాని మీద పట్టదు. చివరికి డైరెక్టరు విసుగెత్తి, "ఇద్దరూ హాల్లో అందరి ముందూ మీ పని నడిపి చూపించండి. ఎవరిది నిలబడితే వచ్చే ఏడాది యంత్రం వాళ్లది" అని తేల్చేశాడు.

సుడులావిడకు ముచ్చెమటలు పట్టాయి. ఆమె గొట్టంలో ఎదురుతోపు ఇంకా గట్టిగా కుదరలేదు. యంత్రం చేజారితే ఇన్నాళ్ల పని అటకెక్కుతుంది, పైగా మంటలాయన రోజూ వరండాలో ఎదురై, "మీ సుడులెలా ఉన్నాయి మేడమ్?" అని జాలిగా పలకరిస్తాడు. ఆ జాలి ఆమె భరించలేదు.

సరిగ్గా అప్పుడే అద్భుతం జరిగింది. ఒక పొద్దున ఆమె లెక్క మొదలుపెట్టి, ఎదురుతోపు ఆన్ చేసి, కాఫీకి వెళ్లి వచ్చేసరికి తెర మీద సుడి అన్నదే లేదు. నీళ్లు తలదువ్వుకున్నట్టు వరసలుగా పోతున్నాయి. పంపు భారం చూపే గీత నేలకు అతుక్కుపోయింది. ఆమె వేసిన కేకకు వరండా అంతా వచ్చింది. డైరెక్టరు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు, చప్పట్లు కొట్టాడు. మంటలాయన కూడా కొట్టాడు, కాకపోతే చేతులు తగిలీ తగలనట్టు. ఇంత పెద్ద లెక్క ఇంత చకచకా ఎలా నడిచిందని ఎవరైనా అడగాల్సింది. ఎవరూ అడగలేదు. అడగాల్సినావిడ చంకలు గుద్దుకుంటూ ఉంది.

ఉత్త గెలుపుతో తృప్తి పడితే ఆమె సుడులావిడ ఎందుకవుతుంది? మంటలాయనను కాసేపు ఊరించి మరీ ఓడించాలని పథకం వేసింది. హాల్లో నీళ్లు శాంతంగా పోతూ ఉంటాయి. తను బల్ల కింద నుంచి గుట్టుగా ఎదురుతోపు ఆపేస్తుంది. సుడులు ఒక్కసారిగా చెలరేగుతాయి. మంటలాయన మొహం విప్పారుతుంది. ఆ మొహాన్ని కళ్లారా చూశాక మళ్లీ ఆన్ చేస్తుంది. ఈ ఊహకే ఆమె వరండాలో ఒంటరిగా నవ్వుకుంటుంటే, ఊడ్చే పనామె చీపురు పట్టుకుని పక్కకు తప్పుకుంది.

సరే, ఇంత నాటకం ఆడేముందు ఒకసారి సాధన చేసుకోవాలి కదా. తలుపు మూసుకుని కూర్చుంది. లెక్క నడుస్తోంది. ఎదురుతోపు ఆపింది. సుడుల కోసం చూసింది. రాలేదు. కాసేపు ఆగింది. రాలేదు. మీట సరిగ్గా పడలేదేమోనని మళ్లీ నొక్కింది. రంధ్రాలన్నీ మూసుకునే ఉన్నాయి, పీల్చడం లేదు, ఊదడం లేదు. నీళ్లు మాత్రం మునుపటికంటే బుద్ధిగా పోతున్నాయి.

ఆమె మీట మీంచి చెయ్యి తీసేసింది. తను లేకపోయినా అణగే సుడులను తను అణిచానని ఊరంతా చెప్పుకుంది.

కారణం వెతకడానికి పెద్దగా కష్టపడలేదు. కిందటి ఆదివారం అత్తగారు, "పొద్దస్తమానం ఏం చేస్తావో ఒకసారి చూపించవే" అంది. ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటరు మీద పొడుగాటి గొట్టం నడవదు కనుక, ఆమె ముక్కను బాగా కత్తిరించి బెత్తెడు చేసింది. అత్తగారు సోఫాలో కూర్చుని అదేదో సీరియల్లాగా మధ్యాహ్నమంతా చూసి, చివరికి పెదవి విరిచింది. అంతవరకూ బాగానే ఉంది. సోమవారం ఆ బెత్తెడు కొలతలే ఆఫీసు యంత్రంలోకి ఎక్కాయి, ఎక్కించింది తనే. బెత్తెడు ముక్కలో సుడి కాస్త సాగుదామంటే చోటు లేదు. కుడి కొసన పోయి ఎడమ కొసన వచ్చి తన తోకను తనే తొక్కుకుంటుంది, పిల్లల్ని పెట్టకుండానే చచ్చిపోతుంది. గదిలో ఒక్కరే ఉంటే పోట్లాట ఎంతసేపు సాగుతుంది? అలాగన్నమాట. ఎదురుతోపు పక్కన నిలబడి చూసిందంతే, పేరు మాత్రం కొట్టేసింది.

ఆ సాయంత్రం ఆమె కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వెళ్లింది. నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. బెత్తెడు ముక్కే హాల్లో చూపించి, యంత్రం పుచ్చుకుని, ఆ తర్వాత నింపాదిగా సరిచేసుకోవచ్చు. మంటలాయన జాలి వినక్కర్లేదు. ఈ ఆలోచన ఆమెకు నచ్చింది, నచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపల అత్తగారి గొంతు ఖంగుమంది. "ఏరా, ఈ కిటికీ ఎవడు మూశాడు?"

"నేనే మూశాను. దుమ్ము కొట్టుకొస్తోంది."

"దుమ్ము నీ బుర్రలో ఉందిరా, కిటికీలోంచి రావడం లేదు."

ఆమెకు అసలే ఓపిక లేదు. అయినా అలవాటు కొద్దీ ఇద్దరి మధ్యకు వెళ్లి, అత్తగారిని నాలుగు మాటలు పొగిడింది, మొగుడి మీద రెండు మాటలు జాలిపడింది. మొగుడు గోడ వైపు తిరిగాడు, భుజాలు అదిరాయి. అత్తగారు సణుక్కుంటూ సోఫాలో చేరింది. ఇల్లు సద్దుమణిగింది. కాఫీ గ్లాసు చేతిలోకి వచ్చేసరికి ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఎదురుతోపు పనిచేస్తుంది, నా కళ్లెదుట ఇప్పుడే పనిచేసింది, పొడుగు గొట్టంలో మాత్రం ఎందుకు పనిచెయ్యదు అనుకుంది. మర్నాడే ఆఫీసుకు పోయి గొట్టాన్ని పాత పొడుగుకు పెంచింది. సుడులు ఎప్పటిలాగే ఇల్లు పీకి పందిరేశాయి. వినే చోటు గోడకు దూరమైందేమోనని దగ్గరికి జరిపింది, ఇంకాస్త జరిపింది. సుడులు పూర్తిగా అణగలేదు గానీ పంపు భారం గీత మాత్రం దిగింది. అద్భుతమేమీ కాదు, పావు వంతు.

హాలు నిండిన రోజున ఆమె ముందుగా బెత్తెడు ముక్కే పెట్టింది. నీళ్లు వరసలుగా పోతుంటే అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు. ఆమె మంటలాయన వైపు తిరిగింది.

"సార్, ఆ ఎదురుతోపు మీట మీరే ఆపండి."

"నేనా మేడమ్?"

"మీరే. నేను ఆపితే నా చేతివాటం అంటారు."

ఆయన అనుమానంగా లేచి ఆపాడు. తెర మీద ఏమీ మారలేదు. "ఆగలేదేమో చూడండి" అన్నాడు.

"ఆగింది సార్. సుడులే రావడం లేదు. నా వల్ల అణగలేదు కాబట్టి ఆపేసినా రావు. ముక్క పొట్టిదైపోయి వాటంతటవే చచ్చాయి. పొట్టిది చేసింది నేనే."

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. డైరెక్టరు కళ్లజోడు తీశాడు. "మరి మనం కొట్టిన చప్పట్లు?"

"వాపసు తీసుకోండి సార్. ఇప్పుడు పొడుగు ముక్క చూపిస్తాను. ఇది నత్తనడక, కాస్త ఓపిక పట్టాలి."

పొడుగు ముక్కలో సుడులు తిరుగుతూనే ఉన్నాయి. మంటలాయన మళ్లీ వెళ్లి మీట ఆపాడు. భారం గీత మెల్లమెల్లగా పైకి ఎక్కింది. ఆన్ చేశాడు. ఉస్సూరంటూ దిగింది. ఆయనకు సరదా పుట్టి ఇంకోసారి ఆపాడు. ఇంకోసారి ఎక్కింది.

"ఇంతా చేసి పావు వంతేనా మేడమ్?" అన్నాడు సన్నగా నవ్వుతూ.

"పావు వంతే సార్. కానీ నాది. మరి మీ రెక్కలు కూడా ఒకసారి ఆపి చూద్దామా?"

ఆమె ఇన్నాళ్లూ ఊహించుకున్న మొహం అప్పుడు కనబడింది, కాకపోతే తలకిందులుగా. "మా మంటకు ఇలాంటి పరీక్ష అవసరం లేదండీ" అన్నాడాయన.

"మీట ఉంది కదయ్యా, నొక్కు" అన్నాడు డైరెక్టరు.

ఆయన తన మంటను తెర మీదికి తెచ్చి మీట నొక్కాడు. రెక్కలు ఆగిపోయాయి. మంట ఫొటోకు నిలబడ్డట్టు కదలకుండా నిలబడింది. మంటలాయన కాసేపు మంటను చూశాడు, కాసేపు మీటను చూశాడు. మనిషి మంచివాడే కాబట్టి చివరికి తనే ముందు నవ్వాడు. ఆ తర్వాత హాలంతా కడుపుబ్బ నవ్వింది. ఆ మంట దేనివల్ల నిలబడిందో ఆయన కనుక్కునేదాకా యంత్రం సుడులావిడదేనని డైరెక్టరు చెప్పేశాడు.

ఇంటిదారి పట్టిన సుడులావిడ కాళ్లు నేల మీద ఆనలేదు. కానీ పాడుబుర్ర ఊరుకోదు కదా. వీధి మలుపు దగ్గర దాన్నొక పురుగు తొలిచింది. ఆఫీసులో ఆపి చూశావు సరే, ఇంట్లో ఎప్పుడైనా ఆపి చూశావా? ఆమె నవ్వుకుంది. నేను గనక ఆపితే ఆ ఇంట్లో గిన్నెలు ఎగురుతాయి అనుకుంది. సరే, ఒక్కరోజు ఎగరనీ అని కూడా అనుకుంది.

చెప్పులు విడుస్తుంటే ఎప్పటిలాగే మొదలైంది. "ఏరా, కిటికీ ఎవడు మూశాడు?" అని అత్తగారు. "నేనే" అని కొడుకు. కోడలు లోపలికి వచ్చి, సంచీ పక్కన పెట్టి, కుర్చీలో కూర్చుని, పేపరు విప్పింది.

"దుమ్ము కొట్టుకొస్తోందమ్మా" అని కొడుకు అన్నాడు, కాస్త గట్టిగా.

"దుమ్ము నీ బుర్రలో ఉందిరా" అని తల్లి. అని ఓరగా కోడలి వైపు చూసింది.

కోడలు పేజీ తిప్పింది.

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొడుకు ఏదో అనబోయి మర్చిపోయినట్టు ఆగిపోయాడు. అత్తగారు గొంతు సవరించుకుంది గానీ పై మాట దొరకలేదు. లేచి వెళ్లి కిటికీ సగం తెరిచింది. కొడుకు ఆవిడ భుజాల మీద శాలువా కప్పాడు. గిన్నె కాదు కదా, గరిటె కూడా ఎగరలేదు.

అత్తగారు వచ్చి కోడలి నుదుటి మీద చెయ్యి వేసింది. "ఒంట్లో బాగుందా అమ్మాయ్?"

"బాగానే ఉంది అత్తయ్యా." కోడలు పేపరు మడిచింది. "నేను మధ్యలోకి రాకపోతే మీరిద్దరూ ఏం చేస్తారో చూద్దామని కూర్చున్నాను. ఏమీ చెయ్యలేదేం?"

కొడుకు గోడ వైపు తిరిగాడు. భుజాలు అదిరాయి. ఈసారి ఆమె కుర్చీలోంచి లేచి వెళ్లి మొహం చూసింది. నవ్వు ఆపుకోలేక కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"వీడితో ఇదే చావు" అంది అత్తగారు. "ఒక్కరోజైనా నవ్వకుండా పోట్లాడటం చేతకాలేదు. ఇక చెప్పెయ్యరా, తెలిసిపోయిందిగా."

"పెళ్లయిన కొత్తలో నిజంగానే పోట్లాడుకునేవాళ్లం" అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ. "తర్వాత ఎప్పుడో మానేశాం. ఓ సాయంత్రం నువ్వు ఆఫీసు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చావు, సుడులు మాట వినలేదని. అన్నం కూడా తినలేదు. ఆ పూట అనుకోకుండా ఫ్యాను గురించి మాటా మాటా వచ్చింది. నువ్వు లేచి వచ్చి సర్దేశావు. సర్దేసి కాఫీ పెట్టుకున్నావు, నవ్వావు. మర్నాడు అమ్మే అంది, రోజూ ఓ పోట్లాట పెట్టుకుందాంరా అని."

"రోజంతా అక్కడ ఓడిపోయి వస్తావు కదే" అంది అత్తగారు. "ఇంట్లో ఒక్కటైనా గెలవాలిగా."

సుడులావిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ ఈ ఇద్దరినీ తానే నెట్టుకొస్తున్నానని మురిసిపోయింది. తీరా చూస్తే, తను ఎప్పుడు పడబోతోందో గోడకు దగ్గరగా చెవి పెట్టి విని, సమయానికి అంతమేర పైకి తోసింది వీళ్లు. ఒక్కసారి కూడా తప్పు చోట వినలేదు. ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆవిడ చెయ్యి విడిపించుకుని, కిటికీ రెక్క పూర్తిగా తోసి, వీధి చివరిదాకా వినబడేలా అడిగింది.

"ఏరా, ఈ కిటికీ సగమే తెరిచింది ఎవడు?"

"నువ్వేగా" అన్నాడు కొడుకు గోడ వైపు తిరుగుతూ.

కోడలు లేచి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఇద్దరి మధ్యకు వెళ్లి నిలబడింది. "అత్తయ్యా, ఈ ఇంట్లో గాలి విలువ తెలిసింది మీకొక్కరికే" అంది.